బధిర గురువు లారెంట్ క్లెర్క్

విద్యాదానమనగానే ధనమిచ్చినవారిని, భవనములు కట్టించినవారిని స్మరించుట పరిపాటి. తనవంటివారికి తానే గురువైన ఒక బధిరుని చరిత్రమును ఈ సంచికలో సోదరుల యెదుట నుంచుచున్నాము.

లారెంట్ క్లెర్క్ 1785 డిసెంబరు 26వ తేదీన ఫ్రాన్సు దేశమున, లియాన్ నగర ప్రాంతమందలి యొక గ్రామమున జన్మించెను. ఏడాది ప్రాయమున నిప్పులలో పడగా చెంపపై మచ్చ నిలిచెను. వినికిడి లేమికి నదియే కారణమని ఇంటివారు తలచిరి. పండ్రెండవ యేట పారిస్ బధిర పాఠశాలలో చేరెను. అచ్చట మస్యూ అను బధిరుడే యాతనికి చదువు చెప్పెను. నోటిమాట నేర్పబూనిన వేరొక ఉపాధ్యాయుడు, ఉచ్చారణము కుదరలేదని కోపించి గడ్డము క్రింద గ్రుద్దగా, బాలుడు నాలుక కరచుకొనెను. అది మొదలు ఆయన మాటాడుటకు యత్నింపలేదు. చేతులును కలమునే ఆయనకు వాక్కయ్యెను.

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పురవాసులు బధిర విద్యాపద్ధతి నేర్చి రమ్మని థామస్ గాలడెట్ అను మతబోధకుని ఐరోపాకు పంపియుండిరి. బ్రిటనులో ఆ విద్యను ఒక కుటుంబమువారు రహస్యముగా దాచుకొని యుండిరి. పారిస్ వారు మాత్రము తలుపులు తెరచిరి. మూడేండ్ల ఒడంబడికపై క్లెర్క్ ఆయన వెంట 1816 జూన్ 18న ఓడ నెక్కెను. 52 దినముల ప్రయాణములో ఒకరు సంజ్ఞలు, మరియొకరు ఇంగ్లీషు పరస్పరము నేర్పుకొనిరి.

పిమ్మట నిధికై నగర నగరమునకు తిరిగిరి. క్లెర్క్ వ్రాసిన యుపన్యాసమును గాలడెట్ చదువును. సభ్యుల ప్రశ్నలకు క్లెర్క్ వ్రాసి యుత్తరమిచ్చును. విద్యానిధికై గుమ్మములెక్కిన మన కార్యదర్శులకు ఈ శ్రమ యెట్టిదో తెలియకపోదు! బధిరుడు చదువగలడా యని సందేహించినవారికి, ఎదుట నిలిచిన ఈ పురుషుని మించిన ప్రమాణ మేమి కావలయును? కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లిచ్చెను. 1817 ఏప్రిలు 15న పాఠశాల తెరువబడెను. 1819లో అమెరికా కాంగ్రెసు 23,000 ఎకరముల భూమి నొసగెను.

ఆ యేటనే క్లెర్క్ తన శిష్యురాలైన బధిర కన్యను వివాహమాడెను. బధిరులిరువురు కాపురము చేయుట తగదని మిత్రులు శంకించిరి. గాలడెట్ సయితము జంకెను. కాని 1821లో తానును బధిర కన్యనే చేపట్టెను!

ఇతర రాష్ట్రముల ఉపాధ్యాయులు హార్ట్‌ఫర్డుకు వచ్చి క్లెర్క్ యొద్ద శిక్షణ పొంది పోయిరి. మూడేండ్లకై వచ్చినవాడు 41 సంవత్సరములు బోధించి 1858లో విరమించెను. 1864లో గాలడెట్ కుమారుడు వాషింగ్టనులో బధిరుల కళాశాలను ప్రారంభించిన సభకు వృద్ధుడైన క్లెర్క్ విచ్చేసెను. 1869 జూలై 18న హార్ట్‌ఫర్డులోనే కన్నుమూసెను.

1880లో మిలాన్ నగరమున జరిగిన మహాసభ, సంజ్ఞలను మాని నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించెను. బధిరులు చాలకాలము దాని ఫలితము ననుభవించిరి. అయినను నేటి అమెరికా బధిరుల సంజ్ఞలకు బ్రిటిషువారి సంజ్ఞలతో గాక, క్లెర్క్ ఓడలో తెచ్చిన ఫ్రెంచి సంజ్ఞలతోనే చుట్టరికము కలదు.