ఒట్టో యెస్పర్సన్

యెన్స్ ఒట్టో హారీ యెస్పర్సన్ (జూలై 16, 1860 - ఏప్రిల్ 30, 1943) డెన్మార్కు దేశానికి చెందిన సుప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త, ఆంగ్ల వ్యాకరణవేత్త. ఆంగ్లం ఈయన మాతృభాష కాదు. అయినా ఆ భాషకు ఏడు సంపుటాల బృహద్వ్యాకరణాన్ని సమకూర్చాడు. పదం ఏ భాషాభాగానికి చెందుతుందనేది వేరు, వాక్యంలో అది చేసే పని వేరు అని విడదీసి చూపడం ఈయన చేసిన ముఖ్యమైన కృషి. అడ్వర్బ్‌కూ అడ్వర్బియల్‌కూ గల భేదం తెలియక తికమకపడే విద్యార్థికి ఈ విభజన నేటికీ ఉపయోగపడుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

యెస్పర్సన్ జట్లాండ్ ప్రాంతంలోని రాండర్స్ పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయాధికారి. చిన్న వయసులోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. డేనిష్ పండితుడు రాస్ముస్ రాస్క్ వ్రాసిన వ్యాకరణాల సాయంతో ఐస్లాండిక్, ఇటాలియన్, స్పానిష్ భాషలను బాల్యంలోనే నేర్చుకున్నాడు. 1877లో కుటుంబ ఆనవాయితీని అనుసరించి కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో చేరాడు. కానీ 1881లో దానిని విడిచిపెట్టి భాషల అధ్యయనానికి మళ్ళాడు. పాఠాలు చెబుతూ, డెన్మార్కు పార్లమెంటులో షార్ట్‌హ్యాండ్ లేఖకుడిగా పనిచేస్తూ చదువు సాగించాడు. 1887లో పట్టా పొందాక ఐరోపాలో పర్యటించి, ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలు విన్నాడు. 1893 నుండి 1925 వరకు కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఆచార్యుడిగా పనిచేశాడు.

మూడు శ్రేణుల సిద్ధాంతం

పాఠశాల వ్యాకరణాలు చాలాకాలం లాటిన్ చట్రంలోనే ఆంగ్లాన్ని వివరించాయి. క్రియను విశేషించేది అడ్వర్బ్ అని నేర్చుకున్న విద్యార్థికి "హి కేమ్ లాస్ట్ సండే" వంటి వాక్యం వద్ద చిక్కు వస్తుంది. సండే నామవాచకం. అయినా "లాస్ట్ సండే" అనే పదబంధం ఎప్పుడు వచ్చాడో తెలుపుతున్నది. తెలుగులో "పోయిన ఆదివారం వచ్చాడు" అన్నప్పుడు కూడా ఇదే పరిస్థితి.

దీనికి యెస్పర్సన్ చూపిన మార్గం సులభమైనది. పదాలకు వాటి భాషాభాగంతో నిమిత్తం లేకుండా మూడు శ్రేణులు ఏర్పరచాడు. "వెరీ కోల్డ్ మార్నింగ్" అనే పదబంధంలో మార్నింగ్ ప్రథమ శ్రేణి. దానిని విశేషించే కోల్డ్ ద్వితీయ శ్రేణి. ఆ కోల్డ్‌ను విశేషించే వెరీ తృతీయ శ్రేణి. వాక్యంలో క్రియ ద్వితీయ శ్రేణికి, దానిని విశేషించేది తృతీయ శ్రేణికి చెందుతాయి. కనుక సండే నామవాచకంగానే ఉంటూ తన పదబంధంతో కలిసి తృతీయ శ్రేణి పని చేయగలదు. అలాగే "వెన్ ది బెల్ రింగ్స్" వంటి ఉపవాక్యం మొత్తం కూడా ఆ పనినే చేస్తుంది. ఈ సిద్ధాంతాన్ని 1924లో వెలువడిన "ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్" గ్రంథంలో విపులంగా వివరించాడు.

ఇది లోపం లేని సిద్ధాంతమని చెప్పలేము. "ఫార్చునేట్లీ" వంటి పదం వాక్యం మొత్తంపై వక్త అభిప్రాయాన్ని తెలుపుతుంది. దానికి ఈ మూడు మెట్లలో చోటు సరిగా కుదరదు. 1972లో రాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహరచయితలు అడ్వర్బియల్‌లను అడ్జంక్ట్, డిస్‌జంక్ట్, కంజంక్ట్ అని విభజించి ఇటువంటి పదాలకు వేరే స్థానం కల్పించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యెస్పర్సన్ అడ్జంక్ట్ అన్నది నామవాచకాన్ని విశేషించే ద్వితీయ శ్రేణి పదాన్ని. క్వర్క్ వ్యాకరణంలో అదే మాట ఒక రకం అడ్వర్బియల్‌ను సూచిస్తుంది.

"టు" అనే మాటకూ క్రియకూ మధ్య అడ్వర్బ్‌ను ఉంచరాదనే నియమాన్ని కూడా యెస్పర్సన్ అంగీకరించలేదు. "ది" అనే ఆర్టికల్ నామవాచకంలో భాగం కానట్లే "టు" కూడా క్రియలో విడదీయరాని భాగం కాదని ఈయన వాదన.

ఇతర కృషి

అంతర్జాతీయ ధ్వనిలిపి ఆలోచనను 1886లో పాల్ పస్సీకి వ్రాసిన లేఖలో సూచించాడు. ఆంగ్ల దీర్ఘాచ్చుల చారిత్రక మార్పుకు "గ్రేట్ వవెల్ షిఫ్ట్" అనే పేరు పెట్టినవాడు ఈయనే. 1928లో నోవియల్ అనే కృత్రిమ భాషను రూపొందించాడు. అది ఎక్కువగా ప్రచారం పొందలేదు.

చివరి దశ

"ఎ మోడరన్ ఇంగ్లీష్ గ్రామర్ ఆన్ హిస్టారికల్ ప్రిన్సిపల్స్" మొదటి సంపుటం 1909లో వెలువడింది. నలభై ఏళ్ళ పాటు సాగిన ఈ గ్రంథం పూర్తి కాకముందే, డెన్మార్కు జర్మనీ ఆక్రమణలో ఉన్న 1943లో, యెస్పర్సన్ రోస్కిల్డేలో మరణించాడు. మిగిలిపోయిన ఏడవ సంపుటాన్ని నీల్స్ హైస్లుండ్ పూర్తిచేయగా 1949లో అది ప్రచురితమైంది.