మన్యవీరుడు గాం మల్లుదొర

నర్సీపట్నము మన్యమునకు ముఖద్వారము. ఈ యూరు దాటిన బాట కొండలనెక్కి చింతపల్లికి చేరును. 1922 మొదలు 1924 వరకు ఆ కొండలలో ఆంగ్లసైన్యముల నెదిరించి నిలిచిన అల్లూరి సీతారామరాజును ఎరుగని ఆంధ్రుడు లేడు. 2022లో ఆయన పేర ఒక జిల్లాయే ఏర్పడినది. కాని ఆయనతోగూడ పోరాడి, ద్వీపాంతరవాసమనుభవించి, పిదప ప్రజల ఓటుతో శాసనకర్తయైన గాం మల్లుదొర చరిత్రము వినబడుట అరుదు. ఆ చరిత్రము తెలియనిదే మన్యవిప్లవము ఎవరిదో మనకు తెలియదు.

మల్లుదొరది బట్టిపనుకుల గ్రామము. సోదరుడు గంటందొర ఆ గ్రామమునకు మునసబుగా నుండి, అధికారుల ఆగ్రహమునకు పాత్రుడై ఆ పదవిని పోగొట్టుకొనెను. ఒక్క కుటుంబమునకు కలిగిన కష్టము గాదిది. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వలన తాతతండ్రులనాటి పోడు వ్యవసాయము నేరమయ్యెను. తామెరిగిన అడవిలోనే కొండవారు దొంగలుగా నెంచబడిరి. దీనికితోడు గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను, నర్సీపట్నమునుండి చింతపల్లికి వేయు రోడ్డు పనికి కొండవారిని తోలి, చాలీచాలని కూలి నిచ్చి బాధించెను. గాం సోదరులు ఇట్టి అన్యాయములను కన్నులార చూచినవారు, స్వయముగా అనుభవించినవారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు వరుసగా విప్లవకారుల వశమైనవి. మూడు దినములలో 26 తుపాకులు వారి చేతికి చిక్కినవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు ఆంగ్లాధికారులు హతులైరి. సర్కారువారు నర్సీపట్నమున దండు విడిసి, మలబారు పోలీసులను, 1924లో అస్సాము రైఫిల్సు దళమును రప్పించిరి. రాజు తలకు పదివేల రూపాయలు, గంటందొర, మల్లుదొరల తలలకు వేయేసి రూపాయలు వెలకట్టిరి. ఆ సోదరులెంతటి వారో చెప్పుటకు శత్రువు కట్టిన ఈ వెలయే చాలును.

విప్లవమంతయు ఒక్క రాజు ప్రేరణచే పుట్టినదనియు, కొండవారు అమాయకులై ఆయన వెంట నడచిరనియు తలచువారు కలరు. ఇది సరికాదు. రంపలో 1879లోనే పితూరీ లేచినది. రాజు జన్మింపక పూర్వమే రగిలిన నిప్పది. ఆయన దానికి నాయకత్వమును, క్రమశిక్షణను, ధ్యేయమును ప్రసాదించెను. ఇంధనము మాత్రము మన్యమువారి కడుపుమంటయే. గాం సోదరుల జీవితమే దీనికి ప్రబల సాక్ష్యము.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. 1924 మే 7న రాజు, జూనులో గంటందొర నేలకొరగిరి. మల్లుదొరకు మరణమునకు మారుగా అండమాను ప్రాప్తించెను. యుద్ధమున ప్రాణమర్పించుట ఒక్క క్షణపు సాహసము. నాయకుడును, సోదరుడును గతించిరని తెలిసియు, సముద్రమధ్యమున ఏండ్లకేండ్లు గుండె దిటవు చెడక నిలుచుట మరియొక వీరత్వము. 1937లో ఆయన విడుదలయయ్యెను.

వయోజనులందరికిని ఓటుహక్కు లభించిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో, 1952లో, విశాఖపట్నము ద్విసభ్య నియోజకవర్గమునుండి లంకా సుందరముగారితోపాటు మల్లుదొర స్వతంత్రుడుగా లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1839 నాటి 24వ చట్టముచే సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, ఏజెంటు ఏలుబడిలో నలిగిన మన్యమునుండి, నిన్నటి ఖైదీ దేశమునకంతకు చట్టములు చేయు సభలో ఆసీనుడగుట సామాన్య విషయము కాదు. ఎవనిని సర్కారువారు బందిపోటు అనిరో, వానినే ప్రజలు తమ ప్రతినిధి అనిరి. ఇంతకుమించిన తీర్పు వేరొకటి గలదా?

ఆయన కూర్చున్న పార్లమెంటే 2006లో అటవీహక్కుల చట్టము నామోదించెను. 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులోనున్న అటవీభూమిపై నాలుగు హెక్టార్ల పరిమితిలో హక్కును గుర్తించుట అందు ముఖ్యవిధి. 1882లో నేరమైనది 124 ఏండ్లకు హక్కయ్యెను. ఆ హక్కు కాగితముపై నిలిచిపోక ప్రతి కొండగూడెమునకును అందునట్లు చూచుట నేటివారి విధి. మల్లుదొరకు శిలావిగ్రహమునకంటె అదియే తగిన స్మారకము.