శ్రీ రావి నారాయణరెడ్డిగారు

మన మహాసభ ప్రత్యేక సంచికలయందు మన కులమున జన్మించి కీర్తిగాంచిన మహనీయుల చరిత్రములు ప్రకటించుట ఆచారమై యున్నది. ఈ యేడు శ్రీ రావి నారాయణరెడ్డిగారి చరిత్రము వ్రాయబూనితిమి. మొదట ఒక సంశయము గలుగుచున్నది. కులభేదములు నశింపవలెనని పాటుపడిన పురుషుని ఒక కులసభ తనవానిగా చెప్పుకొనదగునా? ఈ ప్రశ్నకు వారి జీవితమే ప్రత్యుత్తరము నొసగగలదు. పాఠకమహాశయులు తుదివరకు చదివి తామే నిర్ణయింతురు గాక.

నారాయణరెడ్డిగారు 1908వ సంవత్సరము జూను మాసమున నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున భూస్వామి కుటుంబమున జన్మించిరి. విద్యార్థిదశయందు హైదరాబాదు రెడ్డి హాస్టలున నివసించిరి. రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో నెలకొన్న ఆ వసతిగృహము, ఉర్దూ రాజభాషగా చెల్లుచున్న ఆ కాలమున తెలుగు బాలురకు తిండియు నీడయు మాత్రమే గాక తెలుగు చదువుపై అభిమానము సైతము కలిగించినది. 1930లో ఉప్పుసత్యాగ్రహము నడచుచుండగా వారు చదువు విడిచి కాకినాడకు బోయి అందు పాల్గొనిరి.

పిమ్మట హరిజనసేవక సంఘమున చేరి హరిజన బాలుర విద్యకై కృషి సలిపిరి. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహమున పాల్గొని కారాగృహవాసము ననుభవించిరి. అనంతరము కామ్రేడ్సు అసోసియేషనుతోడి సంబంధమున సామ్యవాదమునకు ఆకర్షితులైరి. 1941లో చిలుకూరున జరిగిన ఆంధ్రమహాసభకును, 1944లో భువనగిరిలో జరిగిన సభకును వారే అధ్యక్షులు. అంతవరకు భాషాసంస్కృతుల చర్చయే ప్రధానముగా గల ఆ సంస్థ, వారి కాలమున వెట్టిచాకిరి, కౌలు, లెవీధాన్యము అను పల్లెవారి కష్టములను చేతబట్టి సామాన్య రైతుకూలీల సభ యయ్యెను. భువనగిరి సభతో అది రెండు పక్షములుగా చీలుటయు జరిగెను.

ఇచ్చట మనము దాచరాని సత్య మొకటి కలదు. ఆనాడు తెలంగాణమున వెట్టి చేయించుకొనిన దేశముఖులలో పలువురు మన కులమువారే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణములు గోల్పోయినది విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకులవల్లనే. నారాయణరెడ్డిగారు తమ బంధువర్గమును ఎదిరించి, గొల్ల చాకలి మాల మాదిగల పక్షమున నిలిచిరి. ఇతరుల భూమి పంచుమని బోధించుటకు ముందు తమ భూమి 200 ఎకరములు పేదలకు పంచియిచ్చిరి. ఉపన్యాసములు చేయువారు పెక్కండ్రు. తమ సొత్తుతో ఆరంభించువారు అరుదు.

1948 సెప్టెంబరు 17న నైజాము ప్రభుత్వము భారత సైన్యమునకు లొంగిపోయెను. అటుపిమ్మట సాయుధపోరాటము కొనసాగింపరాదని నారాయణరెడ్డిగారి మతము. ఆ మతము వెల్లడించినందున స్వపక్షమువారి ఆగ్రహమునకు పాత్రులైరి. అయినను వెనుదీయలేదు. తుదకు 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను. ఆ మాసముననే దేశమున ప్రథమ లోకసభ ఎన్నికలు ప్రారంభమయ్యెను.

ఆ ఎన్నికల స్వరూపము నేటి యువకులకు తెలియుట మేలు. 1951 అక్టోబరు 25 మొదలు 1952 ఫిబ్రవరి 21 వరకు అవి జరిగినవి. 17 కోట్లకు పైబడిన ఓటరులు, 489 స్థానములు. 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషుల కెల్లరకు ఓటు లభించెను. అక్షరము రానివారే అధికులగుటచే ప్రతి అభ్యర్థికిని ప్రత్యేకమొక పెట్టె నుంచి దానిపై గుర్తు అంటించిరి. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో చీటి వేసిన చాలును. కొన్ని నియోజకవర్గములకు ఇద్దరు సభ్యులు. అందొక స్థానము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడెను. అచ్చట ఓటరునకు రెండు ఓట్లు గలవు. రెండును ఒక్కరికే వేయరాదు. నల్లగొండ అట్టిదే.

హైదరాబాదు రాజ్యమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధ ముండుటచే నారాయణరెడ్డిగారును వారి సహచరులును ప్రజాతంత్ర కూటమి పేర పోటీచేసిరి. ఫలితము దేశమును ఆశ్చర్యమున ముంచెను. నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చినవి. ఇద్దరు సభ్యుల నియోజకవర్గమునుండియే పోటీచేసిన ప్రధానమంత్రి జవహరులాల్ నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. దేశమున మరెవ్వరికిని నల్లగొండ అభ్యర్థికి వచ్చినన్ని ఓట్లు రాలేదు.

ఈ సంఖ్యను మనవారు గర్వముతో చెప్పుకొనుట కద్దు. కాని అవి కులపు ఓట్లు కావు. ఒక్క కులముచే మూడులక్షల చీటీలు ఆ పెట్టెలలో పడునా? తరతరములుగా దొర గడపముందు చెప్పులు విడిచి చేతబట్టుకొని నడచినవారు, ఆనాడు దొర కన్నులకు కానరాని తెరచాటున తమ చీటిని తామే వేసిరి. ఆ నియోజకవర్గమునుండియే షెడ్యూల్డు కులముల స్థానమునకు అదే కూటమి అభ్యర్థి శ్రీ సుంకం అచ్చాలుగారు ఎన్నికైరి. భూస్వామి కుటుంబమున బుట్టినవారును, ఊరివెలుపల నుంచబడిన జాతిలో బుట్టినవారును ఒకే ప్రజలకు ప్రతినిధులై సమానాసనమున కూర్చుండిరి. మూడులక్షల ఓట్లకంటె ఈ విషయమే గొప్పదని మా తలంపు.

తరువాత నారాయణరెడ్డిగారు 1957లో భువనగిరినుండి శాసనసభకును, 1962లో మరల నల్లగొండనుండి లోకసభకును ఎన్నికైరి. పోరాటకాలపు తమ అనుభవములను గ్రంథస్థము గావించిరి. 1991 సెప్టెంబరు 7న పరమపదించిరి. మరునాటి యేడు భారతప్రభుత్వము పద్మవిభూషణ బిరుదమును వారికి మరణానంతరము ప్రసాదించినది.

సోదరులారా! వారిని మనవారని చెప్పుకొనుటకు జన్మ యొక్కటి చాలదు. వారు దేనిని విడిచిరో అదియే వారిని పెద్దవారిని చేసెను. వారి పటము మన సభామంటపమున గట్టుట సులువు. మన యూరిలో మన కొలువున నున్నవారికి న్యాయమైన కూలి యిచ్చుట, ఎన్నికలనాడు వారి ఓటు మన సొత్తని తలపకుండుట, మన విద్యార్థివసతులలో పేదబాలునకు కులమడుగక చోటిచ్చుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడినవారికే వారి పేరు చెప్పుకొను హక్కు గలదు.