మన్రో దొర, పదహారు వీసాల ఊరు

మన్రోలప్ప. ఈ పేరు ఎప్పుడన్నా విన్నారా? మా జేజి చిన్నప్పుడు వాళ్ల ఊర్లో ఆ పేరుతో ఒక ముసలాయన ఉండేవాడంట. నేను ఏదో ఊరి దేవుడి పేరనుకున్యా. కాదప్పా, అది తెల్లదొర పేరు. థామస్ మన్రో. మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు మన సీమను కడసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న మన పత్తికొండలోనే కలరాతో చనిపోయినాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసకపోయినారు. పత్తికొండలో ఆయన గుర్తుగా బావి తవ్వించి చెట్లు నాటించినారు.

ఆయన పుట్టింది 1761లో, స్కాట్లాండులోని గ్లాస్గోలో. నాయన వ్యాపారం మునిగిపోతే 1780లో కంపెనీ పటాలంలో చేరి మద్రాసుకు వచ్చినాడు. హైదరు, టిప్పులతో యుద్ధాలు చేసినాడు. సేలం, ధర్మపురి పక్క శిస్తు పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి రాసిచ్చినాక ఇక్కడికి పెద్ద కలెక్టరుగా వచ్చి 7 ఏండ్లు ఉన్నాడు. పాలెగాళ్లను అణిచినాడు. డేరాలు వేసుకుని ఊరూరూ తిరిగినాడు. గండిలో బంగారు తోరణం ఆయన కంటికి కనపడిందని, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలో నుంచి లేచొచ్చి మాట్లాడినాడని మనోళ్లు కథలు చెప్పుకుంటారు. ఆ రెండో కథ ఎందుకు పుట్టింది? మఠం మాన్యం భూమిని సర్కారు తీసుకోవాల్నా వద్దా అనే తగాదా మీద. దేవుడి కథలో కూడా భూమి పంచాయితీనే.

నన్ను పట్టుకున్న సంగతి మాత్రం ఇవేవీ కాదు. 1806లో ఆయన పైవాళ్లకు రాసి పంపిన రిపోర్టుల్లో మన కడప ఊర్ల గురించి ఒక ముచ్చట ఉంది. వీసబడి ఊర్లు అని. వీసం అంటే పదహారో వంతు. ఊరి భూమి, ఊరి శిస్తు రెండూ పదహారు వీసాలు చేసి పంచుకునేవాళ్లు. సేద్యం కాలం దగ్గరికొస్తానే రైతులంతా గుడిలో కూర్చుండేది. దేవుడి ముందర ఒప్పుకున్న మాట ఎవుడూ తప్పడని గుడి. ఎవురికి ఎన్ని ఎద్దులుండాయి, ఎవురు ఎంత చేను దున్నగలరు అని లెక్క చూసుకుని భూమి పంచుకునేది. ఒక వీసం తీసుకున్నోడు శిస్తులో ఒక వీసం కట్టాల, రెండు తీసుకున్నోడు రెండు. ఊరి శిస్తు పెరిగినా తగ్గినా వాడి వంతు అదే. ఇట్లాంటి ఊర్లు కడప సీమలో చానా ఉండేవి.

చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఉమ్మడి భూమి అంటే మనమేమో రష్యా పుస్తకాల్లో సంగతి అనుకుంటాము. మన ఊర్లలో 200 ఏండ్ల కిందటే నడిచింది. ఒక మాట ఒప్పుకోవాల: ఎద్దులు లేనోడికి ఆ పంపకంలో ఏముంటుంది? గుడి గడప తొక్కనీయని మాల మాదిగలకు ఏముంటుంది? ఆ ఉమ్మడి అందరిదీ కాదు. అయినా చేను ఎవురు దున్నాల అనేది ఊరే కూర్చుని తేల్చుకునే అలవాటు మాత్రం ఉండేది.

ఇంత బాగా చూసిన మనిషి చేసిందేంది? 1802 నుంచి గొలుసులతో చేను చేనుకూ కొలిపించి, ఎవురి శిస్తు వాళ్లే సర్కారుకు కట్టేటట్టు రైత్వారీ పెట్టినాడు. ఆయన్ను తిట్టనీకి ఈ మాట చెప్పడం లేదు. నడమ జమీందారు లేకుండా చేసినాడు. పంటలో నూటికి 45 వంతులు సర్కారే మింగుతాంది, మూడో వంతుకు దించండని 1807లో అడిగినాడు. పైవాళ్లు వినలేదు. ఆయన పోయినాక ఊర్లను గుత్తకిచ్చి రైతులను నాశనం చేసినారు. మళ్లీ ఆయన గవర్నరు అయినాకనే శిస్తు తగ్గింది. మనోళ్లు పిల్లోల్లకు ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు.

కానీ అదే 1807 కాగితంలో ఇంకో మాట ఉంది. సాగులో లేని భూమంతా సర్కారు చేతిలోనే ఉండాల అని. అంటే బీడు, గుట్ట, వంక గట్టు, జీవాలు మేసే బయలు. చెరువుల మరమ్మతు ఖర్చు కూడా చానావరకు సర్కారు మీదికే పోయింది. అది మేలే అనిపిస్తుంది. మన కుంటలో పూడిక తీయనీకి ఇప్పటికీ టెండరు కోసం ఎదురుచూస్తాండామంటే, ఆ అలవాటు యాడ మొదలైందో చూడండి.

పట్టా ఉన్నోడికి భూమి పోతే పరిహారం వస్తుంది. గొర్రెలు మేపుకునేటోడికి ఏ కాగితం ఉంది? ఓర్వకల్లు పక్క గని, శకునాల కాడ సుమారు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. కరెంటు వద్దని నేనన్ను. ఆ పలకల కింది నేల ఊరిదై ఉంటే, యూనిట్‌కు ఇంత అని ఊరికి వచ్చి ఉండేది గదా అంటాండా.

ఇది గాలి మాట కాదు. మన్రో పుట్టిన స్కాట్లాండులోనే ఎగ్ అని ఒక చిన్న దీవి ఉంది. దొరల చేతులు మారి మారి పాడైపోయిన దీవి. 1997లో ఆడి జనాలు, అక్కడి కౌన్సిలు, ఒక వన్యప్రాణి సంస్థ కలిసి ట్రస్టు పెట్టి, చందాలు పోగేసి దాన్ని కొనేసినారు. 2008లో గాలి, నీళ్లు, ఎండ మూడింటితో సొంత కరెంటు పెట్టుకున్నారు. అమ్మకానికొచ్చిన భూమిని ఊరే ముందు కొనుక్కునే హక్కు ఇస్తూ 2003లో ఆ దేశం చట్టమే చేసింది. మనకు రైత్వారీ ఇచ్చిన దొర దేశం వీసబడి పక్కకు నడుస్తాంది, మనం ఇంకా ఆయన గొలుసు పట్టుకునే ఉండాము.

మన దగ్గరా దారి లేకపోలేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీసేయాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మా ఊరి మేత బీడు ఎంత ఉందో, యాడ దాకా ఉందో రికార్డు తీపిద్దామని ఆరుమందిమి అనుకున్యాము. వచ్చే నెల కూర్చోవాల. మా పెదనాయన రామాలయం కాడ అన్నాడు. నేను చెరువు కట్ట మీద చింతచెట్టు కింద అన్యా. ఎస్సీ కాలనీ వాళ్లూ, గొర్రెలోళ్లూ ఎవురినీ అడక్కుండా వచ్చి కూర్చునే చోటు మా ఊర్లో అదొకటే.