మన జిల్లాకు పేరిచ్చిన మహబూబ్ అలీ పాషా – షికారు, తుపాకి, కానుక

మన పాలమూరు పిల్లల్ని పట్టుకొని మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఎట్లా వచ్చిందని అడిగితే, నిజాం పేరు మీద వచ్చిందని ఠక్కున చెప్తారు. ఏ నిజాం అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం సగం మంది ఉస్మాన్ అలీఖాన్ అంటారు. అది పిల్లల తప్పు కాదు, చెప్పవలసిన పెద్దలం మనం చెప్పలేదు. అందుకే ఈ సంచికలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బహదూర్ జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పదలచినాము. రుక్మమ్మపేట అని, పాలమూరు అని పిలిచిన ఊరికి 1890 డిసెంబరు 4న ఆయన పేరు పెట్టినారు. ఆయన్ను షికారీగా, గురి తప్పని తుపాకి చేతిగా ఎరుగని పాతతరం మనిషి మన వైపు లేడు. కాబట్టి ఆ దారినే పోయి ఆయన్ని చూద్దాము.

మహబూబ్ అలీ పాషా 1866 ఆగస్టులో హైదరాబాదు పురానీ హవేలీలో పుట్టినారు. తండ్రి అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా. 1869 ఫిబ్రవరిలో తండ్రి పోయేనాటికి ఈ బిడ్డకు మూడేళ్లు కూడా నిండలేదు. ఇంకా మాట సరిగా రాని పిల్లవాడిని మస్నదు మీద కూర్చోబెట్టి, మొదటి సాలార్‌జంగ్, షంసుల్ ఉమరా ఇద్దరూ కలిసి రాజ్యం నడిపినారు. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ నేర్పే ఉస్తాదులు ఒక పక్క, ఇంగ్లీషు నేర్పే క్యాప్టెన్ క్లార్కు ఇంకో పక్క. పిల్లవాడు ఏం చదవాలి, ఎప్పుడు నిద్ర లేవాలి, ఎవరితో ఆడుకోవాలి అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించినారు. ఆ బాల్యంలో ఆయన తన ఇష్టంతో, తన చేతితో సాధించుకున్నది రెండే విద్యలు. ఒకటి గుర్రపు స్వారి, రెండు తుపాకి.

1875లో ఇంగ్లండు యువరాజు హిందూదేశానికి వచ్చినాడు. బొంబాయిలో సంస్థానాధీశులంతా వచ్చి కలవాలని పైనుంచి ఒత్తిడి. తొమ్మిదేళ్ల నిజాం కూడా రావలసిందే అన్నారు. అబ్బాయి ఆరోగ్యం అంత దూరం ప్రయాణానికి తగదని సాలార్‌జంగ్ గట్టిగా నిలబడి, చివరకు తానే బొంబాయి వెళ్లి ఆ మర్యాద తీర్చినాడు. ఆ పర్యటనలో యువరాజు రాజులకు పంచిన కానుకల్లో కత్తులు, పతకాలతోపాటు తుపాకులు కూడా ఉన్నాయి. ఆ కాలంలో రాజుకు రాజు ఇచ్చే కానుకల్లో మంచి తుపాకిది ముందు వరుస. వజ్రాన్ని పెట్టెలో దాచుకుంటారు, తుపాకిని భుజానికి ఎత్తుకుంటారు. ఇచ్చినవాడు తీసుకునేవాడి భుజాన్ని, కంటిని, చేతివాటాన్ని తెలుసుకొని ఇచ్చినాడా లేదా అన్నది మొదటి తూటాతోనే బయటపడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ కాలపు పెద్ద షికారు తుపాకి సంగతి చెప్పాలి. నేటి పిల్లలకు అది కథల్లో వస్తువే. పులికి, అడవిదున్నకు వాడినవి ఎక్కువగా జోడు నాలీ రైఫిళ్లు. పాత లెక్కలో ఒక రాత్తల్ సీసంతో ఎన్ని గుండ్లు అవుతాయో అంత బోరు అనేవారు. ఎనిమిది బోరు అంటే ఒక్క గుండు రాత్తల్‌లో ఎనిమిదో వంతు. నాలుగు బోరు తుపాకి అయితే పది కిలోల దాకా తూగేది. నల్లమందు రోజుల్లో పేల్చగానే పొగ కమ్మేది, పులి పడిందో మీదికి వస్తున్నదో కనపడేది కాదు. 1898లో పొగ రాని కార్డైట్ మందుతో .450 రైఫిలు వచ్చినాక పద్ధతే మారిపోయింది. తరువాత .450 తూటాలు ఇండియాలోకి రాకుండా ఇంగ్లీషు ప్రభుత్వం నిషేధం పెడితే, తయారీదారులు .465, .470 అని కొత్త కొలతలు తెచ్చినారు.

ఇట్లాంటి తుపాకి అంగట్లో దొరికే చెప్పుల జత కాదు, దర్జీ కుట్టే షేర్వానీ. లండన్, బర్మింగ్‌హాం కారిఖానాలకు కొలతలు పంపేవారు. మీట నుంచి కుందా చివరి దాకా పొడవెంత, చెంప ఆనే చోట వంపెంత, మెడ పొట్టిదా పొడుగా, అన్నీ రాసి పంపాలి. కుందాకు అక్రోట్ చెక్క. రెండు నాలీలు ఒకే చోట గుండు వేసేటట్లు కాల్చి చూసి, అతికి, మళ్లీ కాల్చి సరిచేయడం అన్నిటికంటె కష్టమైన పని. ఏ తూటాతో సరిచేసినారో ఆ తూటాతోనే అది గురి నిలుపుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉండేది. కార్డైట్ మందు ఎండకు పుంజుకుంటుంది. లండన్ చలిలో సరిగా ఉన్న తూటా పాలమూరు వైశాఖంలో గొట్టం మీద ఎక్కువ ఒత్తిడి పెడుతుంది. అందుకే ఎండదేశాలకని మందు తగ్గించిన తూటాలు వేరే చేసేవారు.

ఎడమచేతి వాటం మనిషికి తుపాకి కానుకగా ఇవ్వాలంటే ఇంకా జాగ్రత్త కావాలి. మన ఇళ్లల్లో పిల్లవాడు ఎడమ చేయి ముందుకు చాపితే పెద్దలు సరిదిద్దుతారు. అన్నం దగ్గర ఆ అదబు సరైనదే. కాని తుపాకి దగ్గర నిర్ణయించేది చేయి కాదు, కన్ను. ఎడమ కన్ను ముందుండే మనిషి కుడి భుజానికి తుపాకి ఆనించి రెండు కళ్లూ తెరిచి కాలిస్తే గురి పక్కకు పోతుంది. కుడివాటం తుపాకి కుందా కొంచెం కుడికి వంగి ఉంటుంది, ఎడమవాటానికి దాన్ని ఎడమకు వంచాలి. చెంప ఆనే ఉబ్బు కుడి పక్కకు మారాలి. మామూలుగా ముందు మీట కుడి నాలీని పేలుస్తుంది, ఎడమవాటం తుపాకిలో ముందు మీట ఎడమ నాలీకి కలపాలి. పైన తెరిచే మీట కూడా ఎడమకు తిరిగేటట్లు చేయించుకునేవారు ఉండేవారు. గొళ్లెం లాగి తూటా మార్చే రైఫిళ్లలో ఆ గొళ్లెం మామూలుగా కుడివైపు ఉండేది, ఎడమవాటం వాళ్లకు చేయి మీదుగా చాపవలసి వచ్చేది. అందువల్ల వాళ్లకు జోడు నాలీయే మేలు. ఇన్ని సంగతులు తెలుసుకోకుండా బంగారు నగిషీ చెక్కించి ఇచ్చినా, అది గోడకు వేలాడడానికే పనికివస్తుంది.

మహబూబ్ పాషా గురి గురించి హైదరాబాదులో కథలు కథలు. గాలిలోకి ఎగరేసిన రూపాయిని కొట్టేవారని చెప్పుకుంటారు. ముప్పై పులులకు పైగా కొట్టినందుకే తీస్‌మార్‌ఖాన్ అన్న పేరు వచ్చిందని అంటారు. కథల్లో కొంత పెంపు ఉండవచ్చు గాని, ఆయన షికారీ అన్నది కల్పన కాదు. ఆయన దర్బారు ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ తీసిన షికారు బొమ్మలు ఈనాటికీ సాక్ష్యం చెపుతున్నవి. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వచ్చి నిజాం ఆతిథ్యంలో షికారు ఆడి పోయినాడు. ఇరవై ఒక్క ఏండ్ల తరువాత సరాయెవోలో అదే మనిషి తుపాకి గుండుకు బలి అయినాడు. మొదటి ప్రపంచ యుద్ధం అక్కడే రాజుకున్నది.

మన వైపు అమ్రాబాద్ అడవి నిజాంల షికారుకు పెట్టింది పేరు. మన్ననూరు దాటి ఫరహాబాద్ గుట్ట ఎక్కితే నిజాం కాలపు షికారు బంగళా శిథిలాలు కనిపిస్తాయి. ఎండాకాలం చెలమలు ఎండి, జంతువులు మిగిలిన నీటి దగ్గరకు చేరే రోజుల్లో షికారు పెట్టేవారు. మచాన్లు కట్టడం, ఎర కట్టడం, డప్పులతో హాకా కొట్టి జంతువును తోలడం, అన్నిటికీ జనం కావాలి. అడుగు చూసి పులి ఎటు పోయిందో చెప్పేది చెంచు. మచాన్ మీద కూర్చున్నవాడి పేరు చరిత్రలో ఉన్నది, కింద నడిచినవాడి పేరు లేదు. ఊళ్లల్లో దొరలకు, అధికారులకు ఊరికే చేసిపెట్టే వెట్టిలో ఇట్లాంటి పనులు కూడా కలిసి ఉండేవి. ఈ మాట చెప్పకుండా షికారు వైభవాన్ని మాత్రమే పొగిడితే మనం సగం నిజమే చెప్పినట్లు.

షికారు వెనుక రాజ్యాల లెక్కలు కూడా ఉంటాయి. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చి నిజాంకు పూర్తి అధికారాలు అప్పగించినాడు. అప్పటికి సాలార్‌జంగ్ పోయి ఏడాది. పద్ధెనిమిదేళ్లు నిండని యువకుడికి సలహా చెప్పే పెద్ద దిక్కు లేకపోయింది. 1891 నాటి జాకబ్ వజ్రం వ్యవహారం అందుకు ఒక ఉదాహరణ. 184 క్యారట్ల ఆ వజ్రం బేరం కలకత్తా హైకోర్టు దాకా పోయి, నిజాం పేరు పత్రికలకెక్కింది. కొన్న వజ్రం ఆయనకు సంతోషం ఇవ్వలేదు. దాన్ని చెప్పుల్లో దాచితే కొడుకు తరువాత కనుగొన్నాడని చెప్పుకుంటారు. 1902 వేసవిలో వైస్రాయి కర్జన్ వచ్చినాడు. వరంగల్ వైపు నెక్కొండ దగ్గర ఆయనకు పులుల షికారు ఏర్పాటు చేసినారు. కర్జన్, ఆయన భార్య, కింద పరిచిన పులి, ఆ బొమ్మ లోకమంతా తిరిగింది. అదే పర్యటనలో కర్జన్ నిజాంతో ఏకాంతంగా మాట్లాడి బీరారు సంగతి తేల్చుకున్నాడు. ఆ ఏడు నవంబరులో ఏడాదికి 25 లక్షల రూపాయల కవులుకు బీరారు శాశ్వతంగా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అతిథికి పులిని ఇచ్చినాము, అతిథి రాష్ట్రమే పట్టుకొని పోయినాడు. గురి తప్పని చేయి కూడా ఆ గదిలో ఏమీ చేయలేకపోయింది.

ఇంత చెప్పినా, ప్రజలు మహబూబ్ పాషాను తలచుకునేది పులుల లెక్కతో కాదు. పాము కరిస్తే ఆయన పేరు చెప్పుకుంటే విషం దిగుతుందని హిందువులు, ముసల్మానులు ఒక్కతీరుగా నమ్మినారు. ఏ అర్ధరాత్రి అయినా పాము కరిచినవాడు వస్తే తనను లేపవలసిందేనని ఆయన ఆజ్ఞ ఉండేదని చెపుతారు. నమ్మకం సంగతి ఎట్లా ఉన్నా, సామాన్యుడికి దేవిడీ తలుపు తెరిచి ఉండెనన్నది జనం మనసులో నిలిచిపోయింది. ఆస్థానంలో దాగ్ దెహ్లవీ ఆయనకు కవిత్వంలో ఉస్తాదు. ఆయన కూడా ఆసిఫ్ పేరుతో షేర్లు రాసినారు. 1901 నుంచి మహారాజా కిషన్ పర్షాద్ దివాను. మతం చూసి మనిషిని కొలిచే దర్బారు అది కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది కొట్టుకొనిపోయినారు. ఆ రోజుల్లో మహబూబ్ పాషా నది ఒడ్డుకు వచ్చి, బ్రాహ్మణుల సలహాతో మూసీ తల్లికి చీర, సారె సమర్పించినారని పెద్దలు చెప్పుకుంటారు. రాజభవనాల తలుపులు తెరిచి ఇల్లు వాకిలి పోయినవారికి నీడ ఇచ్చినారు, అన్నం పెట్టించినారు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్య వచ్చి వరద అరికట్టే పథకం వేసినాడు. దాని ఫలం అయిన ఉస్మాన్‌సాగర్ చూడడానికి ఆయన బతికి లేరు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో కన్ను మూసినారు. వయసు 45 ఏండ్లు. మక్కా మసీదులో పూర్వీకుల సరసన పడుకున్నారు.

అన్నిటిలోకి మాకు నచ్చిన సంగతి చివర చెప్తాము. సరూర్‌నగర్‌లో ఆయన కోసమని ఒక భవనం లేచింది. ఆ భవనాన్ని ఆయన తనకు ఉంచుకోలేదు. విక్టోరియా రాణి స్మారకంగా అనాథ పిల్లల కోసం ఇచ్చివేసినారు. ఆ తరువాత ఎన్ని తరాల తల్లిదండ్రులు లేని పిల్లలు అక్కడ అన్నం తిని, అక్షరం నేర్చి, పనిలో చేరినారో! షికారు తుపాకులు ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనుక ఉన్నాయి. 1972 చట్టంతో వేట నిషేధమైంది. ఒకనాటి షికారు అడవి నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాగర్‌కర్నూలు వైపు నుంచి మన నల్లగొండ వైపు దాకా పరుచుకున్న ఆ అడవిలో, ఆనాడు పులి అడుగు చూపించిన చెంచులే ఈనాడు పులిని కాపాడే పనిలో ఉన్నారు.

మనం రాజులము కాము, ఎవరికీ జోడు నాలీ రైఫిలు ఇవ్వలేము, ఇవ్వవలసిన కాలమూ కాదు. కాని ఇవ్వడం మన చేతిలో ఉన్న పనే. పెండ్లికి, ఈద్‌కు, పిల్లల చదువుకు, కష్టంలో ఉన్న కుటుంబానికి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటాము. తీసుకునేవాడి భుజం కొలిచి తుపాకి చేసినట్లే, వాడి అవసరం చూసి ఇచ్చింది మాత్రమే వాడికి పనికి వస్తుంది. చదువుకునే పిల్లకు కుట్టుమిషను, కుట్టుపని వచ్చిన పిల్లకు పుస్తకాలు ఇస్తే, కుడివాటం తుపాకిని ఎడమవాటం చేతికి ఇచ్చినట్లే అవుతుంది. అడిగి తెలుసుకొని ఇద్దాము. మన జిల్లాకు పేరిచ్చిన మహబూబ్ పాషా జీవితంలో పులుల కంటె ఎక్కువ కాలం నిలిచింది అనాథలకు ఇచ్చిన ఆ ఒక్క ఇల్లు. ఆయన్ను అల్లా మగ్ఫిరత్ చేయుగాక.