పసిచేతుల చదువు – మరియా మాంటిస్సోరి

మన కావ్యాలలో బాల్యవర్ణన వచ్చినప్పుడల్లా గుజ్జనగూళ్ళు, బొమ్మల పెండ్లిళ్ళు, ఇసుకతో కట్టిన పిచ్చుకగూళ్ళు కనిపిస్తాయి. కవులు వాటిని మురిపెంగా వర్ణించారే గాని, గూడు కడుతున్న శిశువు ఆ క్షణంలో ఏమి నేర్చుకుంటున్నాడని విచారించలేదు. ఆ విచారణకే జీవితాన్ని ధారపోసిన విదుషీమణి మరియా మాంటిస్సోరి. ఇటలీలో పుట్టిన ఈ వైద్యురాలి జీవితంలోని అత్యంత క్లిష్టమైన రోజులు మన దక్షిణ భారతదేశంలోనే గడిచాయి.

కొన్నేళ్ళ క్రితం అరకులోయ దాపున ఉన్న ఒక కొండపల్లెకు వెళ్ళినప్పుడు అక్కడి అంగన్‌వాడీ కేంద్రంలో ఒక దృశ్యం చూశాను. ఎవరో దాత ఇచ్చిన పెట్టెలో రంగురంగుల ప్లాస్టిక్ పలకలు ఉన్నాయి. కొన్ని చతురస్రాలు, కొన్ని త్రిభుజాలు. అంచులలో చిన్న అయస్కాంతాలు ఇమిడి ఉండటంవల్ల ఒకదానికొకటి తాకించగానే అతుక్కుంటాయి. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే నాలుగేళ్ళ పాప ఒకతె నాలుగు చతురస్రాలను గోడలుగా నిలబెట్టింది. పైకప్పుకు మూడు త్రిభుజాలను వాలుగా చేర్చి, నాలుగోవైపు చతురస్రాన్ని పెట్టబోయింది. అది ఇమడలేదు. కాసేపు తేరిపార చూసి, దానిని తీసివేసి త్రిభుజాన్ని అమర్చింది. కార్యకర్త చెప్పే తెలుగు ఆ పాపకు సగమే తెలుస్తుంది. అయితే ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. తప్పును పలకే చూపింది, పాపే దిద్దుకుంది. ఈ పలకలు మాంటిస్సోరి కాలంలో లేవు. కాని వస్తువే గురువై తప్పును తెలియజెప్పాలన్న భావాన్ని ఒక విద్యావిధానంగా తీర్చిదిద్దినది ఆమెయే.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె పట్టణంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, తల్లి రెనిల్డె చదువంటే ప్రాణమిచ్చే గృహిణి. ఆడపిల్లకు ఉపాధ్యాయవృత్తి చాలునని తండ్రి భావించినా, ఆమె రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించారు. పురుష విద్యార్థులతో కలిసి స్త్రీ శవపరీక్ష చేయడం ఆనాటి వారికి అసభ్యంగా తోచింది. అందువల్ల అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె ఒంటరిగా ఆ పని చేయవలసివచ్చేది. 1896లో పట్టా పొంది, ఇటలీలోని తొలి మహిళా వైద్యుల కోవలో చేరారు.

ఉద్యోగరీత్యా ఆమె రోమ్ నగరంలోని మానసిక చికిత్సాలయాలను సందర్శించేవారు. బుద్ధిమాంద్యం గలవారన్న పేరుతో పిల్లలను పెద్దలతోపాటు అక్కడే బంధించి ఉంచేవారు. చేతితో పట్టుకొని ఆడుకొనేందుకు ఆ గదులలో ఒక్క వస్తువైనా ఉండేది కాదు. వారికి కావలసినది మందుకన్నా విద్య అని ఆమె గ్రహించారు. అంతకుముందే ఇటువంటి పిల్లలపై కృషి చేసిన ఇటార్, సెగ్యాఁ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలను శ్రద్ధగా చదివి, కొత్త పరికరాలు చేయించి బోధించారు. ఎందుకూ కొరగారనుకున్న పిల్లలలో కొందరు చదవడం, రాయడం నేర్చి, సాధారణ బాలురకు పెట్టే పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. లోకం ఆమెను అభినందించింది. ఆమె మాత్రం, ఆరోగ్యవంతులైన పిల్లలు ఈ స్థాయిలోనే ఎందుకు ఆగిపోతున్నారని ఆలోచనలో పడ్డారు.

ఆ రోజులలోనే ఆమె వ్యక్తిగత జీవితంలో ఒక వ్యథ చోటుచేసుకుంది. సహవైద్యుడు మాంటెసానోతో ఏర్పడిన అనుబంధంవల్ల 1898లో మారియో అనే కుమారుడు కలిగాడు. వివాహం జరగలేదు. అవివాహిత తల్లి అని తెలిస్తే ఆనాటి సమాజంలో ఆమె వృత్తిజీవితం అంతటితో ముగిసేది. బిడ్డను పల్లెలో ఒక దాది కుటుంబానికి అప్పగించారు. లోకంలోని బిడ్డలందరికీ బడి కట్టిన తల్లి కన్నబిడ్డను ఆ బడిలో కూర్చోబెట్టుకోలేకపోయారు. తన తల్లి మరణించిన తరువాతనే, అతనికి సుమారు పదిహేనేళ్ళ వయస్సులో, దగ్గరకు తెచ్చుకోగలిగారు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదవాడలో మొదటి శిశుగృహం ప్రారంభమైంది. తల్లిదండ్రులు కూలికి పోతే మెట్లమీద, గోడలమీద అల్లరి చేసే పిల్లలను ఒకచోట చేర్చడమే ఆ భవన యజమానుల ఉద్దేశం. మరియా అక్కడ తన పరికరాలను ఉంచి, పిల్లలను గమనిస్తూ కూర్చున్నారు. ఒక కొయ్యదిమ్మెలో పది రంధ్రాలు, వాటిలో పట్టే పది స్తూపాలు ఉంటాయి. ఒక స్తూపాన్ని తన చోటు కాని రంధ్రంలో పెడితే చివరికి ఒకటి ఇమడక మిగిలిపోతుంది. మూడేళ్ళ బాలిక ఒకతె వాటిని తీస్తూ, పెడుతూ నలభైసార్లకు పైగా అదే పని చేసింది. చుట్టూ పిల్లలు పాడుతున్నా, ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టినా ఆమె ఏకాగ్రత చెదరలేదు. ధనికులు పంపిన అందమైన బొమ్మలు మాత్రం బడిలో తాకేవారు లేక పడి ఉండేవి. ఆటబొమ్మలే పిల్లల సర్వస్వమని నమ్మే మనకు ఇది మింగుడుపడని విషయమే.

ఆమె పరికరాలలో గులాబీ గోపురం ప్రసిద్ధమైనది. ఒక సెంటీమీటరు మొదలుకొని పది సెంటీమీటర్ల వరకు భుజం గల పది ఘనాలను ఒకదానిపై ఒకటి పేర్చాలి. క్రమం తప్పితే కంటికి తెలుస్తుంది, చేతికీ తెలుస్తుంది. అయస్కాంత పలకలలో ఈ గుణం కొంత తగ్గుతుందని నా అభిప్రాయం. కొయ్యఘనం సరిగా నిలపకపోతే పడిపోతుంది, అయస్కాంతం కొంతవరకు తప్పును కాస్తుంది. పలక పగిలి అయస్కాంతాలు బయటపడితే, పసివారు వాటిని మింగే ప్రమాదమూ ఉంది. రెండు అయస్కాంతాలు పేగులలో ఒకదానినొకటి లాగి ప్రాణాపాయం కలిగిస్తాయి. ఈ కొండల అంకుడు కర్రతో, వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే శిల్పులున్నారు. స్తూపాలూ గోళాలూ వారికి చేతివాటమే. బడులకు కావలసిన ఇటువంటి పరికరాలు దూరదేశాలనుండి రావలసిన అవసరం ఉన్నదా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మాంటిస్సోరి పద్ధతి కొద్ది సంవత్సరాలలోనే ఖండాంతరాలకు పాకింది. ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆదరించి, ఆమె లొంగకపోవడంతో 1934లో ఇటలీలోని ఆమె బడులను మూయించింది. జర్మనీలో నాజీలు అంతకుముందే ఆ పని చేశారు. స్పెయిన్‌లో ఉండగా 1936లో అంతర్యుద్ధం చెలరేగింది. ఆమె హాలెండు చేరుకున్నారు.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939 నవంబరులో, అరవైతొమ్మిదేళ్ళ వయస్సులో, మారియోతో కలిసి మద్రాసు చేరారు. తెలుగు జిల్లాలలో చాలావరకు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివే. అడయారులో జరిగిన తొలి శిక్షణ తరగతికి దేశం నలుమూలలనుండి మూడువందలమందికి పైగా వచ్చారు. ఆమె ఇటాలియన్ భాషలో ఉపన్యసిస్తే మారియో ఇంగ్లీషులోకి అనువదించేవారు. విన్నవారి మాతృభాషలు ఎన్నో! ఇందరిమధ్య అనువాదం అక్కరలేనివి బల్లమీది కొయ్యఘనాలు మాత్రమే.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో తల్లీకొడుకులు శత్రుదేశీయులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి తరలించారు. వృద్ధురాలైన ఆమెను అడయారు ఆవరణ దాటరాదని కట్టడి చేశారు. అంతవరకు మారియో లోకానికి ఆమె మేనల్లుడుగానో, దత్తపుత్రుడుగానో మాత్రమే తెలుసు. ఆగస్టు 31న ఆమె డెబ్బయ్యో జన్మదినం. ఆ సందర్భంగా వైస్రాయి పంపిన తంతివార్త, కానుకగా ఆమె కుమారుని విడుదల చేస్తున్నట్లు తెలిపింది. నలభైరెండేళ్ళుగా ఆమె దాచుకున్న మాటను ఒక ప్రభుత్వపు తంతి అలవోకగా బయటపెట్టింది. ఆమె దానిని సవరించమని కోరలేదు.

జపాను దాడి భయంతో 1942లో వారు కొడైకెనాల్ కొండలకు వెళ్ళారు. అక్కడి చిన్న బడిలో వేర్వేరు వయస్సుల పిల్లలు కలిసి చదివారు. ఆకులు, రాళ్ళు, పురుగులు వారికి పాఠ్యగ్రంథాలయ్యాయి. యుద్ధం ముగిశాక 1946లో ఐరోపాకు వెళ్ళి, మరుసటి ఏడు తిరిగి వచ్చి, 1949 వరకు ఈ ఉపఖండంలో బోధించారు. ఆమె ప్రసిద్ధ గ్రంథం ది అబ్సార్బెంట్ మైండ్ ఆ సంవత్సరమే మద్రాసులో అచ్చయింది. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. తెలుగునాట కోటేశ్వరమ్మ 1955లో విజయవాడలో ఆమె పేరుతో పాఠశాల స్థాపించారు. ఆ తరువాత ఊరూరా ఆ పేరు బోర్డులకెక్కింది. ఆ బోర్డున్న బడులలో ఎన్నింటిలో పిల్లల చేతికందే ఎత్తులో పరికరాలు ఉన్నాయో లెక్కించడం కష్టం కాదు. పేదవాడలో పుట్టిన పద్ధతి జీతం కట్టగలవారి బడులలో స్థిరపడింది. కొండపల్లెకు అది చేరడం ఇంకా దాతల దయమీదనే ఆధారపడి ఉంది.

1952 మే 6న హాలెండులోని నోర్డ్‌విక్ తీరగ్రామంలో మరియా కన్నుమూశారు. అప్పటికి ఆమె వయస్సు ఎనభైఒకటి. ఆఫ్రికా వెళ్ళి అక్కడి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే విషయం ఆ రోజు కూడా కుమారునితో చర్చించారు. ఆమెను ఆ గ్రామంలోనే సమాధి చేశారు.