మంచు మూసిన దారి: విల్లెం బారెంట్స్



మీ ఇంట్లో గ్లోబ్ ఉంటే పిల్లలతో కలిసి ఒకసారి నార్వేకు పైన చూడండి. అక్కడ బారెంట్స్ సముద్రం కనిపిస్తుంది. ఆ పేరు గల నావికుడి కథే ఇది.

విల్లెం బారెంట్స్ సుమారు 1550లో నెదర్లాండ్స్‌లోని ఒక చిన్న దీవిలో పుట్టారు. మ్యాపులు గీయడం, ఓడలకు దారి చూపడం ఆయన వృత్తి. ఆ రోజుల్లో ఆసియాకు వెళ్ళే దక్షిణ సముద్ర మార్గాలు స్పెయిన్, పోర్చుగల్ చేతుల్లో ఉండేవి. అందుకే రష్యాకు పైనుంచి చైనా చేరే దారి కోసం డచ్‌వాళ్ళు ఓడలు పంపారు.

1594లో, 1595లో బారెంట్స్ వెళ్ళారు. రెండుసార్లూ మంచు అడ్డుపడింది. 1596లో మూడోసారి వెళ్ళినప్పుడు స్పిట్స్‌బెర్గెన్‌ను చూశారు. తర్వాత నోవయా జెమ్ల్యా దగ్గర ఓడ మంచులో చిక్కుకుపోయింది. 17 మంది కలిసి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలతో, ఓడ చెక్కలతో ఇల్లు కట్టుకున్నారు. ఎముకలు కొరికే చలి, వారాల తరబడి కనిపించని సూర్యుడు, స్కర్వీ జబ్బు, ఎలుగుబంట్లు! 1597 జూన్‌లో రెండు చిన్న పడవల్లో తిరుగుముఖం పట్టారు. కొద్ది రోజులకే బారెంట్స్ కన్నుమూశారు. 12 మంది మాత్రమే ఇల్లు చేరారు.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. స్పిట్స్‌బెర్గెన్ చుట్టూ తిమింగలాలు ఉన్నాయని తెలియగానే, వాటి నూనె కోసం ఇంగ్లిష్‌వాళ్ళు, డచ్‌వాళ్ళు పోటీపడ్డారు. 1613లో ఇంగ్లిష్ ఓడలు మిగతావాళ్ళను అక్కడి నుంచి తరిమేశాయి. సముద్రం నాదంటే నాదని కొట్లాడుకున్నారు. చివరికి ఆ తిమింగలాలే దాదాపు అంతరించిపోయాయి.

ఇప్పుడు భూమి వేడెక్కి, బారెంట్స్‌ను ఆపిన మంచు కరుగుతోంది. చమురు, గ్యాస్, చేపలు, ఓడల దారి కోసం మళ్ళీ పెద్ద దేశాల చూపు అటే ఉంది. అయితే అక్కడే ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. ఈ సముద్రంలో సరిహద్దు గురించి దాదాపు 40 ఏళ్ళు వాదించుకున్న నార్వే, రష్యా 2010లో ఒప్పందం చేసుకుని గీత గీసుకున్నాయి.

మన దేశానికీ అక్కడ చోటుంది. స్పిట్స్‌బెర్గెన్‌లో 2008 నుంచి మన హిమాద్రి పరిశోధన కేంద్రం పనిచేస్తోంది.

ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: మంచు కరిగి దారి తెరుచుకుంటే, అక్కడున్నది ఎవరిది? వాళ్ళ జవాబు పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినండి. రేపు ఆ గీతలు గీయాల్సింది వాళ్ళ తరమే కదా!